పెద్ద కాలిబర్ రివాల్వర్: శక్తిని కాదు, చేతిని చూసి ఎంచుకోవాలి

పెద్ద కాలిబర్ (అంటే గుండు వ్యాసం) ఉన్న రివాల్వర్ కొనాలని నిశ్చయించుకున్నవారు సాధారణంగా మొదట అడిగేది, దొరికేవాటిలో అన్నిటికన్నా శక్తిమంతమైనది ఏదని. దానికి జవాబు చెప్పడం కష్టమేమీ కాదు గాని, ఆ జవాబు వల్ల కొనేవారికి ఒరిగేది చాలా తక్కువ. షూటింగ్ రేంజ్‌లో నేను గమనించినంతవరకు, పెద్ద రివాల్వర్ కొన్నవారిలో దాన్ని ఇష్టంగా, క్రమం తప్పకుండా కాల్చేవారు కొందరైతే, మొదటి పెట్టె తూటాలైనా పూర్తి చేయకుండానే బీరువాలో పెట్టి తాళం వేసి, కొన్నాళ్లకు అమ్మకానికి పెట్టేవారు మరికొందరు. వీరిద్దరి మధ్య తేడా ధైర్యంలోనో దేహబలంలోనో లేదు. కాల్చినప్పుడు రివాల్వర్ వెనక్కి తన్నే తన్నును తమ చేయి ఎంతవరకు, ఎంతసేపు నిబ్బరంగా తట్టుకోగలదో కొనకముందే ఆలోచించుకున్నారా లేదా అన్నదానిలోనే ఉంది. ఒక పూట కూర్చుని యాభై తూటాలు కాల్చిన తర్వాత కూడా చివరి తూటాను మొదటిదానంత శ్రద్ధతో కాల్చగలిగే రివాల్వరే మనకు తగినదని నా దృఢమైన అభిప్రాయం. ఈ వ్యాసంలో చెప్పబోయేదంతా ఆ అభిప్రాయం మీద ఆధారపడినదే.

అంతకన్నా ముందు తేలవలసిన సంగతి చట్టం. ఏ దేశంలో ఉన్నా అక్కడి చట్టం ఏ కాలిబర్‌ను అనుమతిస్తుందో, లైసెన్స్‌లో ఏమి రాసి ఉంటుందో, ఒకసారి ఎన్ని తూటాలు ఉంచుకోవచ్చో పూర్తిగా తెలుసుకున్నాకే మిగతా ఆలోచన మొదలు కావాలి. దానితో పాటే ఆ కాలిబర్ తూటాలు తేలికగా దొరుకుతాయో లేదో కూడా విచారించుకోవాలి. తూటా దొరకని రివాల్వర్ ఎంత గొప్పదైనా అలంకారంగానే మిగులుతుంది.

ఇక కాలిబర్ల విషయం. 1935లో వచ్చిన .357 మాగ్నమ్‌ను చాలామంది పెద్ద కాలిబర్‌గా లెక్కించరు. .40 అంగుళం దాటిన వాటినే ఆ పేరుతో పిలవడం వాడుక. వీటిలో చాలా పాతది, నేటికీ వాడుకలో ఉన్నది, 1873 నాటి కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ రివాల్వర్‌తో ప్రసిద్ధికెక్కిన .45 కోల్ట్. 255 గ్రెయిన్ల (సుమారు 16.5 గ్రాముల) బరువైన గుండును, అంటే తూటా ముందు కొసనుండే లోహపు ముక్కను, సెకనుకు సుమారు 260 మీటర్ల వేగంతో పంపే నెమ్మదైన తూటా అది. 1907లో .44 స్పెషల్ వచ్చింది. ఆ .44 స్పెషల్ తూటాలనే ఎక్కువ పేలుడు మందుతో నింపి ప్రయోగాలు చేసిన అమెరికన్ తుపాకుల రచయిత ఎల్మర్ కీత్ పట్టుదల ఫలితంగా స్మిత్ అండ్ వెసన్, రెమింగ్టన్ కంపెనీలు కలిసి 1955–56 మధ్య .44 మాగ్నమ్‌ను తెచ్చాయి. 240 గ్రెయిన్ల, అంటే సుమారు 15.5 గ్రాముల గుండును అది సెకనుకు 400 మీటర్లకు పైగా వేగంతో పంపుతుంది. ఆ గుండులో ఉండే శక్తి దాదాపు 1,300 జౌళ్లు. దానికి పైన .454 కాసుల్, .480 రూగర్, .475 లైన్‌బా వంటివి ఉన్నాయి. 2003లో స్మిత్ అండ్ వెసన్ తెచ్చిన .500 మాగ్నమ్‌లో ఆ శక్తి 3,500 జౌళ్ల వరకు వెళుతుంది. ఆ తూటా కోసమే ఆ కంపెనీ కొత్తగా మరింత పెద్ద ఫ్రేమ్ (రివాల్వర్ చట్రం) తయారు చేయవలసి వచ్చింది. తూటాలు నింపే సిలిండర్‌లో అయిదు అరలే పడతాయి, పొడవు బ్యారెల్ ఉన్న నమూనా బరువు రెండు కిలోలు.

ఈ అంకెలను వరుసగా చదువుతూ పోతే పైమెట్టు మీదనే కన్ను నిలుస్తుంది. నేను మాత్రం కొనేవారిని మరో గుణం చూడమంటాను. ఈ పెద్ద రివాల్వర్లలో చాలావాటికి తమ సొంత తూటాతో పాటు తమకన్నా సాధువైన మరో తూటాను కూడా కాల్చే వీలుంది. .44 మాగ్నమ్ రివాల్వర్‌లో .44 స్పెషల్‌ను, .454 కాసుల్ రివాల్వర్‌లో .45 కోల్ట్‌ను, 2005లో వచ్చిన .460 మాగ్నమ్‌లో .454 కాసుల్, .45 కోల్ట్ రెంటినీ కాల్చవచ్చు. గుండు వ్యాసం ఒకటే, తూటా గొట్టం పొడవు మాత్రమే వేరు. .44 స్పెషల్ గొట్టం కన్నా మాగ్నమ్ గొట్టం సుమారు మూడు మిల్లీమీటర్లు పొడవు. పాత బలహీనమైన రివాల్వర్లలో కొత్త మాగ్నమ్ తూటా దూరకుండా ఉండాలనే ఆ పొడవు పెట్టారు. ఎందుకంటే .44 స్పెషల్‌కు అనుమతించిన గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 15,500 పౌండ్లు కాగా, మాగ్నమ్‌కు 36,000. అందువల్ల చిన్న తూటాను పెద్ద రివాల్వర్‌లో కాల్చవచ్చు గాని, పెద్ద తూటాను చిన్న రివాల్వర్‌లో ఎన్నడూ కాల్చకూడదు. .45 కోల్ట్ విషయంలో ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. దాని ప్రామాణిక పీడనం 14,000 పౌండ్లే అయినా, దృఢమైన ఆధునిక ఫ్రేమ్‌లను దృష్టిలో పెట్టుకుని అంతకు మించిన పీడనంతో చేసే తూటాలు కూడా అదే పేరుతో అమ్ముడవుతాయి. అవి పాత నమూనా రివాల్వర్లలో పడితే ప్రమాదం తప్పదు కనుక పెట్టె మీద రాసిన హెచ్చరికను చదవకుండా తూటా నింపకూడదు.

సాధువైన తూటా ఉండడాన్ని నేను ఇంతగా ఎత్తి చెప్పడానికి కారణం ఉంది. రివాల్వర్ కాల్చడంలో నైపుణ్యమంతా గురి చెదరకుండా ట్రిగ్గర్‌ను నొక్కడంలోనే ఉంది. బలమైన తూటాలతో మాత్రమే సాధన చేసేవారి శరీరం ప్రతి పేలుడుకూ ముందుగానే బిగుసుకోవడం నేర్చుకుంటుంది. .44 స్పెషల్ తూటా శక్తి మాగ్నమ్ శక్తిలో మూడో వంతు మాత్రమే. దానితో అదే బరువైన రివాల్వర్‌ను పట్టుకుని, అదే ట్రిగ్గర్ మీద, గురి చూసుకునే అదే సైట్లతో ఎంతసేపైనా సాధన చేయవచ్చు. మాగ్నమ్ తూటాలను సాధన చివర్లో కొద్దిగా కాల్చుకుంటే సరిపోతుంది. .500 వంటివాటికి తక్కువ బలంతో నింపిన తూటాలు ఉన్నప్పటికీ అవి అన్నిచోట్లా దొరకవు, దొరికినా క్రమం తప్పకుండా కాల్చేవారికి ఖర్చు భారమే. కనుక వేట కోసమో, ఎలుగుబంట్లు తిరిగే అడవుల్లో రక్షణ కోసమో ప్రత్యేకమైన అవసరం ఉంటే తప్ప, మొదటి పెద్ద రివాల్వర్‌గా .44 మాగ్నమ్‌నో, దృఢమైన ఫ్రేమ్ ఉన్న .45 కోల్ట్‌నో దాటి వెళ్లవద్దనే నేను చెబుతాను.

బరువు గురించి కొనేవారు పొరబడడం ఎక్కువగా చూస్తుంటాను. దుకాణంలో చేతికి తీసుకున్నప్పుడు తేలికైనదే హాయిగా అనిపిస్తుంది. కానీ ఒకే తూటాను కాల్చినప్పుడు రివాల్వర్ బరువు సగమైతే, చేతిని తన్నే శక్తి రెట్టింపవుతుంది. గుండు, మందు ముందుకు తీసుకుపోయిన ద్రవ్యవేగం ఎంతో అంతా రివాల్వర్ వెనక్కి తెస్తుంది, దాన్ని పంచుకునే లోహం తగ్గినకొద్దీ వేగం పెరుగుతుంది, శక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఆరంగుళాల బ్యారెల్ ఉన్న ఉక్కు .44 మాగ్నమ్ బరువు సుమారు 1.4 కిలోలు. అదే తూటాను కాల్చే స్కాండియం మిశ్రలోహపు ఫ్రేమ్ ఉన్న నమూనా ఒకటి సుమారు 710 గ్రాములే తూగుతుంది. రోజంతా నడుముకు కట్టుకుని కొండల్లో నడిచేవారికి దాని విలువ నేను కాదనను. రేంజ్‌లో కాల్చడానికి కొనేవారు మాత్రం దానికి దూరంగా ఉండడమే మేలు. ఉక్కుతో చేసినది కొంటే ఆ బరువే కొనేవారికి మిత్రుడు.

బరువు తర్వాత చూడవలసింది పిడి, నా దృష్టిలో ఇది కాలిబర్ కన్నా ముఖ్యం. రివాల్వర్‌ను చేతిలోకి తీసుకుని, బ్యారెల్ ముంజేతితో ఒకే వరుసలో ఉండేలా పట్టుకున్నప్పుడు, చూపుడు వేలి మొదటి కణుపు ట్రిగ్గర్ మీద సులభంగా ఆనాలి. దానికోసం చేతిని పక్కకు తిప్పుకోవలసి వస్తే ఆ ఫ్రేమ్ మన చేతికి పెద్దదన్నమాట. అలా తిప్పి పట్టుకుంటే తన్నంతా అరచేతి మీద కాక బొటనవేలి మొదటి ఎముక మీద పడుతుంది, పది తూటాలకే ఆ కీలు వాచిపోతుంది. పిడులను మార్చుకునే వీలు చాలా నమూనాల్లో ఉంటుంది గనుక, సన్నని పిడితో సరిపోతుందేమో ముందు చూడాలి. పిడి ఫ్రేమ్ వెనుక భాగాన్ని పూర్తిగా కప్పే రబ్బరుతో చేసినదైతే చేతికి లోహం నేరుగా తగలదు. చెక్క పిడి అందంగా ఉంటుంది, కానీ చెమట పట్టిన చేతిలో నున్నటి చెక్క జారుతుంది. పాతకాలపు సింగిల్ యాక్షన్ పిడి ఆకారం వేరు. అది తన్నును అడ్డుకోకుండా, రివాల్వర్ చేతిలోనే పైకి దొర్లిపోయేలా చేస్తుంది. కొందరి చేతికి ఇదే ఎంతో సుఖంగా ఉంటుంది, ఇంకొందరికి ప్రతిసారీ పట్టు సరిచేసుకోవలసి రావడం చికాకు కలిగిస్తుంది. ఈ విషయంలో ఒకరు చెప్పినది మరొకరికి పనికిరాదు. రేంజ్‌లో అద్దెకు దొరికితే అద్దెకు, లేకపోతే తెలిసినవారి దగ్గర అడిగి అయినా, కొనబోయే నమూనాను కాల్చి చూడాలి.

సింగిల్ యాక్షన్, డబుల్ యాక్షన్ అన్న ఎంపిక ఇక్కడే తేలిపోతుంది. ప్రతిసారీ తూటాను పేల్చే దెబ్బ కొట్టే హ్యామర్‌ను బొటనవేలితో వెనక్కి లాగి కాల్చేది మొదటిది, ట్రిగ్గర్ నొక్కితే హ్యామర్ తానే లేచి పడేది రెండోది. మొదటిది నిర్మాణంలో సరళమైనది, దృఢమైనది, నింపడంలో నిదానమైనది. దాన్ని పాతది కొనేవారు ఒక సంగతి తప్పక తెలుసుకోవాలి. పాతకాలపు నిర్మాణంలో హ్యామర్ కిందికి దిగి ఉన్నప్పుడు దాని ముల్లు నేరుగా, తూటా అడుగున ఉండి మందును అంటించే ప్రైమర్ మీదనే ఆనుతుంది. రివాల్వర్ కింద పడితే అది పేలే అవకాశం ఉంది కాబట్టి ఆరు అరలున్నా అయిదే నింపి, ఖాళీ అర మీద హ్యామర్‌ను దించి ఉంచేవారు. రూగర్ కంపెనీ 1973లో తన సింగిల్ యాక్షన్ రివాల్వర్లలో ట్రాన్స్‌ఫర్ బార్ అనే పట్టీని ప్రవేశపెట్టిన తర్వాత ఆ బెడద వాటిలో తీరింది. ట్రిగ్గర్ నొక్కి ఉంచితే తప్ప హ్యామర్ దెబ్బ ముల్లుకు చేరదు. పాత నమూనా కొంటే పాత నియమాన్నే పాటించాలి.

బ్యారెల్ పొడవు విషయంలో నాకు పెద్ద సందేహం ఎప్పుడూ కలగలేదు. నాలుగంగుళాలది మోసుకుని తిరగడానికి, ఎనిమిది దాటినది టెలిస్కోప్ అమర్చి వేటాడడానికి, ఆరంగుళాలది లక్ష్యాల మీద సాధనకు సరిపోతాయి. సైట్లు మాత్రం సర్దుకునే వీలున్నవే కావాలి. దీనికి రివాల్వర్‌కే చెందిన కారణం ఒకటుంది. గుండు బ్యారెల్ దాటకముందే రివాల్వర్ పైకి లేవడం మొదలుపెడుతుంది. నెమ్మదైన బరువు గుండు బ్యారెల్‌లో ఎక్కువసేపు ఉంటుంది గనుక, అది బయటపడేసరికి బ్యారెల్ మూతి మరికొంత పైకి లేచి ఉంటుంది. అందుకే దగ్గరి లక్ష్యం మీద నెమ్మదైన గుండు తరచుగా వేగమైన గుండు కన్నా పైన తగులుతుంది. రెండు రకాల తూటాలు వాడదలచినవారికి సర్దుకోలేని సైట్లు ఎప్పుడూ ఏదో ఒకదానికి తప్పుగానే చూపిస్తాయి. బ్యారెల్ మూతి దగ్గర రంధ్రాలు పెట్టి పైకి లేవడాన్ని తగ్గించే నమూనాలు కూడా ఉన్నాయి. అవి పనిచేస్తాయి గాని శబ్దాన్ని, వేడి గాలిని పక్కన నిలబడ్డవారి మీదికి పంపుతాయి.

పాత రివాల్వర్ కొనడంలో నాకు ఎంతో ఆసక్తి ఉంది. పెద్ద కాలిబర్లలో పాతవి తరచుగా చాలా తక్కువగా కాల్చినవే అయి ఉంటాయి, అందుకు కారణం మొదట్లోనే చెప్పాను. అయితే తక్కువగా కాల్చినా అతిబలమైన తూటాలతో కాల్చినది పాడై ఉండవచ్చు కనుక పరీక్ష తప్పదు. ముందు సిలిండర్ తెరిచి అరలన్నీ ఖాళీగా ఉన్నాయని కంటితోనూ వేలితోనూ నిర్ధారించుకోవాలి. ఖాళీగా ట్రిగ్గర్ నొక్కి చూడడానికి అమ్మేవారి అనుమతి అడగాలి. సిలిండర్‌ను మణికట్టు విసురుతో మూసేవారి దగ్గర కొనకపోవడమే మంచిది, ఎందుకంటే అలా మూయడం వల్ల సిలిండర్‌ను మోసే లోహపు చేయి వంగిపోతుంది.

తర్వాత, ఒక వేలిని సిలిండర్‌కు తేలికగా ఆనించి కొద్దిపాటి ఒరిపిడి కలిగిస్తూ, హ్యామర్‌ను బొటనవేలితో చాలా నెమ్మదిగా వెనక్కి లాగాలి. హ్యామర్ తన చివరి స్థానంలో నిలవకముందే, లేదా నిలిచే క్షణానికే, సిలిండర్ గాడిలో పడి బిగుసుకున్న టిక్కుమన్న శబ్దం వినిపించాలి. హ్యామర్ నిలిచినా సిలిండర్ గాడిలో పడకుండా ఉంటే, ఆ అర బ్యారెల్‌కు ఎదురుగా సరిగ్గా నిలవడం లేదని అర్థం. ప్రతి అరకూ విడివిడిగా ఇలా చూడాలి. అయిదు సరిగ్గా ఉండి ఆరోది తప్పడం మామూలే. హ్యామర్ వెనక్కి నిలిచి ఉండగా, ట్రిగ్గర్‌ను ముట్టకుండా, హ్యామర్‌ను వెనుక నుంచి బొటనవేలితో గట్టిగా ముందుకు నెట్టి చూడాలి. అది జారి పడితే ఎవరో ట్రిగ్గర్‌ను తేలిక చేయాలని లోపలి అంచులను అరగదీశారన్నమాట, అటువంటిదాన్ని ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోకూడదు.

సిలిండర్‌కూ బ్యారెల్‌కూ మధ్య సందును రివాల్వర్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని పక్కనుంచి చూడాలి. 0.10 నుంచి 0.20 మిల్లీమీటర్ల వరకు ఉంటే మంచిది. సన్నని కొలత రేకులు జేబులో పెట్టుకుని వెళితే ఊహించవలసిన పని ఉండదు. సిలిండర్‌ను ముందుకూ వెనక్కూ కదిపినప్పుడు ఆ సందు మారుతూ ఉంటే అరుగుదల మొదలైనట్లే. సందుకు సరిగ్గా పైన ఫ్రేమ్ మీద వేడి వాయువులు కోసిన సన్నని గీత కనిపించవచ్చు. పైపైన ఉన్నంతవరకు దానికి భయపడనవసరం లేదు. బ్యారెల్ వెనుక కొసలో, గుండు దూరే చోట, పగులు కనిపిస్తే మాత్రం భయపడాలి. బ్యారెల్ లోపల చూడడానికి ఫ్రేమ్ కిటికీలో, అంటే సిలిండర్ కూర్చునే ఖాళీలో, తెల్ల కాగితం ముక్క పెట్టి మూతి వైపు నుంచి చూస్తే చాలు. లోపలి గాళ్ల మధ్య ఒకచోట ఉంగరంలాగా నల్లని నీడ చుట్టుకుని కనిపిస్తే, ఎప్పుడో ఒక గుండు అక్కడ ఇరుక్కుపోగా దాని వెనుక మరొకటి కాల్చారని, గొట్టం లోపల ఉబ్బిందని తెలుసుకోవాలి. అరల ముందు భాగంలో మసి గట్టిపడి ఉంటే అది పొట్టి తూటాలను ఎక్కువగా కాల్చిన గుర్తు. దాన్ని శుభ్రం చేయవచ్చు, శుభ్రం చేయకపోతే పొడవు తూటాలు సరిగ్గా దూరవు. చివరగా స్క్రూల తలలు చూడాలి. వాటి గాళ్లు చిరిగి ఉంటే పనితనం తెలియని చేతులు లోపల తిరిగాయని గ్రహించాలి. సీరియల్ నంబరు కాగితాల్లో ఉన్నదానితో అంకె అంకె సరిచూసుకోవడం వేరుగా చెప్పనక్కర్లేదు.

కొన్న తర్వాత మొదటిసారి కాల్చేటప్పుడు సిలిండర్‌లో ఒకే ఒక తూటా నింపాలి. .500 వంటివాటి విషయంలో ఇది సలహా కాదు, నియమం. తన్ను అలవాటు లేని చేతిలో రివాల్వర్ వెనక్కి వచ్చినప్పుడు, పట్టు బిగించే ప్రయత్నంలో వేలు తెలియకుండానే ట్రిగ్గర్‌ను మళ్లీ నొక్కుతుంది, రెండో గుండు ఆకాశంలోకో అంతకన్నా ప్రమాదకరమైన దిక్కుకో పోతుంది. రెండో చేతి వేళ్లు గాని బొటనవేలు గాని సిలిండర్ ముందు భాగం దాటి ఉండకూడదు. ఆ సన్నని సందులోంచి పక్కకు చిమ్మే వాయువు చర్మాన్ని కోయగలదు, అతిబలమైన కాలిబర్లలో వేలికి తీవ్రమైన గాయమే అవుతుంది. చెవులకు లోపల దూదిలా నొక్కి పెట్టుకునే ప్లగ్గులు, వాటిపైన మఫ్‌లు, రెండూ ఉండాలి. 140 డెసిబెళ్లు దాటిన ఒక్క పేలుడే వినికిడిని శాశ్వతంగా దెబ్బతీయగలదు, మాగ్నమ్ రివాల్వర్లన్నీ ఆ హద్దుకు చాలా పైనే ఉంటాయి. పోయిన వినికిడి తిరిగి రాదు.

తూటాల పట్ల కూడా ఒక పరీక్ష ఉంది. బలమైన తన్నుకు, ఇంకా కాల్చని తూటాల్లోని గుండ్లు తమ గొట్టాల నుంచి కొద్దికొద్దిగా ముందుకు జరుగుతాయి. బాగా జరిగిన గుండు సిలిండర్ ముందుకు పొడుచుకు వచ్చి ఫ్రేమ్‌కు తగిలి సిలిండర్‌ను తిరగనివ్వదు. కొత్త రకం తూటాలు కొన్నప్పుడు, ఒక తూటా పొడవును కొలిచి పెట్టుకుని, దాన్ని చివరి అరలో ఉంచి మిగతావాటిని కాల్చి, మళ్లీ కొలిస్తే సంగతి తెలిసిపోతుంది. కాల్చినప్పుడు శబ్దం మామూలు కన్నా చిన్నగా వినిపిస్తే వెంటనే ఆగి, రివాల్వర్‌ను ఖాళీ చేసి, బ్యారెల్‌లో గుండు ఇరుక్కుందేమో చూడాలి, అలా చూడకుండా రెండోసారి ట్రిగ్గర్ ముట్టకూడదు.

నేను చివరికి కొన్నది ఆరంగుళాల బ్యారెల్ ఉన్న, స్టెయిన్‌లెస్ ఉక్కుతో చేసిన .44 మాగ్నమ్ డబుల్ యాక్షన్ రివాల్వర్. దానిలో కాల్చేది ఎక్కువగా .44 స్పెషలే. అప్పుడప్పుడు తోటివారిని అడిగి, అరల్లో కొన్నిటిలో తూటాలు, కొన్నిటిలో పేలని డమ్మీ తూటాలు నాకు కనబడకుండా కలిపి నింపించుకుంటాను. డమ్మీ మీద హ్యామర్ పడినప్పుడు బ్యారెల్ మూతి కిందికి కుంగితే, చేయి ముందుగానే బిగుసుకుంటోందని దాచుకోలేని విధంగా కనిపిస్తుంది. ఆ రోజుకు మాగ్నమ్ పెట్టె తెరవను. మూతి కదలకుండా నిలిచిన రోజున వెనుక సైట్‌ను మాగ్నమ్‌కు కావలసినంత తిప్పి, ఎన్ని క్లిక్కులు తిప్పానో తూటా పెట్టె మూత మీద పెన్సిల్‌తో రాసి పెట్టుకుంటాను. తూటాల తయారీ సంస్థ మారినా, గుండు బరువు మారినా ఆ అంకె మారుతుంది గనుక, ప్రతి రకం పెట్టె మీదా దాని అంకె దానికే వేరుగా ఉంటుంది.